ముక్కల్లో దొరికే సమయం: స్టాటిస్టిక్స్ నేర్చుకుంటూ రాసుకున్న ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఉద్యోగం చేసుకుంటూ స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి. ఇంతవరకే రాస్తే అది కోరిక. అందుకని పుస్తకం అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో ఇంకోలా రాసుకున్నాను: "ఈ పుస్తకంలోని పన్నెండు అధ్యాయాలూ లెక్కలతో సహా పూర్తి చేయాలి. ఆ తర్వాత ఎవరి సాయం లేకుండా ఏదైనా ఒక డేటా తీసుకుని, ఒక ప్రశ్న వేసి, జవాబు తేల్చాలి." పూర్తయిందో లేదో నన్ను అడగకుండానే పక్కవాళ్ళు చూసి చెప్పగలగాలి. అలా ఉంటేనే అది లక్ష్యమని నా ఉద్దేశం.

ఈ వారం చదువు లేదు. టైమ్‌టేబుల్ కూడా వేయలేదు. టైమ్‌టేబుల్ వేసుకోవడం మహా హాయైన పని. రంగు పెన్నులతో గడులు నింపేసరికి సగం చదువు అయిపోయినంత తృప్తి వస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. ముందు ఉన్న సమయం ఎటు పోతోందో తెలియాలి. ఈ వారమంతా దానికే.

పనిముట్లు రెండే: జేబులో పట్టే నోట్‌బుక్, దానికి దారంతో కట్టిన పెన్సిల్. యాప్ పెట్టుకోవచ్చు కదా అంటారు. టైము రాద్దామని ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ కనిపిస్తుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. కొలిచే వస్తువే కొలతను పాడుచేస్తే ఎలా? పేజీలో నాలుగు నిలువు గడులు గీశాను: మొదలు, ముగింపు, పని, గుర్తు. గుర్తులు ఆరు: ని (నిద్ర), ఉ (ఉద్యోగం), ప్ర (ప్రయాణం), ఇ (ఇల్లు), చ (చదువు), కా (కాలక్షేపం). ఎక్కువ గుర్తులు పెట్టుకుంటే ఏ పని ఏ గడిలోకి వస్తుందన్న ఆలోచనకే టైము సరిపోతుంది. ఇక నియమం ఒక్కటే. పని మారినప్పుడు అక్కడికక్కడే రాయాలి. రాత్రి పడుకోబోయే ముందు గుర్తు తెచ్చుకుని రాస్తే అది పద్దు కాదు, కథ అవుతుంది.

ఈ దారిలో నాకంటే చాలా ముందు నడిచిన పెద్దాయన ఒకరున్నారు. రష్యన్ జీవశాస్త్రవేత్త అలెగ్జాండర్ ల్యుబిష్చెవ్ 1916లో తన సమయానికి పద్దు రాయడం మొదలుపెట్టి 1972లో చనిపోయేవరకూ కొనసాగించారు. నెలకోసారి, ఏడాదికోసారి మొత్తాలు కట్టేవారు. అంత ఓపిక నాకు లేదు, అక్కర్లేదు కూడా. కానీ ఆయన పద్ధతిలో ఒకటి తీసుకున్నాను: బల్ల ముందు కూర్చున్నంతసేపూ లెక్కలోకి రాదు. మధ్యలో లేచి తిరిగినవీ కబుర్లూ తీసేసి, నికరంగా పని జరిగిన సమయమే రాయాలి.

ఆదివారం రాత్రి

కాగితం మీది లెక్క ఇలా వచ్చింది. వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు 8 చొప్పున 56 పోతే 112. ఉద్యోగం, రాకపోకలు కలిపి 58 తీసేస్తే 54. వంట, స్నానం, బట్టలు, ఇంటి పనులకు రోజుకు 3 గంటలు, అంటే 21. మిగిలింది 33.

ముప్పై మూడు గంటలు! ఈ అంకె చూశాక "టైం లేదు" అన్న మాట ఎవరన్నా నమ్మబుద్ధి కాదు. ఇలాంటి తీసివేత చేసి చూపించి, "చూశారా, మీ దగ్గర ఎంత సమయం ఉందో" అని ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ లెక్కలో తప్పు లేదు. నోట్‌బుక్ తిరగేస్తే మాత్రం ఆ 33 గంటలు ఒక్కచోట ఎక్కడా కనిపించవు. ఇక్కడ ఏడు నిమిషాలు, అక్కడ పద్దెనిమిది, మీటింగ్ ఆలస్యమైతే పన్నెండు, కుక్కర్ విజిల్ కోసం నిలబడ్డ పదకొండు. గంట దాటిన ముక్కల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా దాదాపుగా సెలవు రోజుల్లోనే.

కాబట్టి ఈ ప్రాజెక్టులో అసలు ప్రశ్న మారింది. ఎంత సమయం ఉందన్నది పక్కన పెట్టి, ఏ సైజు ముక్కలు ఎన్ని ఉన్నాయి, ఏ ముక్కలో ఏ పని పడుతుంది అని చూడాలి.

మధ్యలో అక్క ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావంటే చెప్పాను.

"ఒరేయ్, నాతో మాట్లాడే టైము కూడా రాసుకుంటున్నావా ఏంటి?"

"రాస్తున్నానక్కా. 'ఇల్లు' గడిలో."

"కాలక్షేపంలో వెయ్యలేదు, అదృష్టం!"

నవ్వుకున్నాం గానీ అక్క మాటలో విషయం ఉంది. 'కా' అని గుర్తు పెట్టినదంతా వృథా అనుకోవడం మొదలైతే, పద్దు కాస్తా పోలీసు డ్యూటీ అయిపోతుంది. చెట్టు కింద ఊరికే కూర్చున్న పావుగంటను, ఫోన్‌లో వేలు జరుపుతూ గడిపిన ముప్పావుగంటను ఒకే గాటన కట్టలేను. రెండో దాని చివర నాకు విసుగు మిగిలింది, మొదటి దాని చివర మిగల్లేదు. 'కా' పక్కన చిన్న కూడిక గుర్తో తీసివేత గుర్తో పెట్టడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. నేను కోత పెట్టేది తీసివేతలకే.

రెండో వారం

ముక్కల్ని మూడు రకాలుగా విడదీశాను. పది నిమిషాల లోపువి చిన్నవి. పావుగంట నుంచి నలభై నిమిషాల వరకూ మధ్యరకం. గంట, ఆపైన పెద్దవి. చదువును కూడా మూడుగా కోశాను. కొత్త అధ్యాయం మొదటిసారి చదివి అర్థం చేసుకోవడానికి పెద్ద ముక్క కావాలి. దాని లెక్కలు చేయడానికి మధ్యరకం చాలు. నిర్వచనాలు, సూత్రాలు తిరగేయడం చిన్న ముక్కల్లో అయిపోతుంది.

ఇటాలియన్ ఫ్రాన్సిస్కో సిరిల్లో 1980ల చివర్లో తయారుచేసిన పొమొడొరో పద్ధతి చాలామందికి తెలుసు: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. లెక్కలు చేసేటప్పుడు అది చక్కగా పనిచేస్తోంది. టైమర్ తిరుగుతుంటే లేవబుద్ధి కాదు. కొత్త విషయం చదివేటప్పుడు మాత్రం నాకు నప్పలేదు. నమూనా సగటుల పంపిణీ అనే విషయం ఉంది: ఒకే గుంపులోంచి మళ్ళీ మళ్ళీ కొందరిని (నమూనా) తీసి సగటు కడితే, ఆ సగటులు ఎలా పరుచుకుంటాయన్నది. అది బుర్రలో రూపం కట్టుకోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది, సరిగ్గా అప్పుడే టైమర్ మోగింది. అందుకే పెద్ద ముక్కల్లో టైమర్ పెట్టడం మానేశాను.

ఎప్పుడు కూర్చోవాలన్నది "సాయంత్రం చదవాలి" అని వదిలేస్తే సాయంత్రం వస్తుంది, పోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో దీనికి తేలికైన ఉపాయం ఉంది: ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను అని ముందే జత కట్టుకోవాలి. నాది ఇది: "ఆఫీసు ల్యాప్‌టాప్ మూయగానే కుర్చీ మార్చి, రెండో బల్ల దగ్గర లెక్కల నోట్సు తెరుస్తాను." కుర్చీ మార్చడం ముఖ్యం. అదే కుర్చీలో ఉంటే చేతులు మళ్ళీ మెయిల్ వైపే పోతున్నాయి.

నెల చివర

పద్దు చూస్తే వింతగా ఉంది. మధ్యరకం ముక్కలు బాగానే వాడాను. 'చ' గుర్తు ఉన్న నిమిషాలు పెరిగాయి. అయినా చేసిన లెక్కలు ఆ నిమిషాలకు తగ్గట్టు పెరగలేదు. కూర్చుంటున్నాను, లెక్కలు మాత్రం అవడం లేదు. నిమిషాలు ఎక్కడో కారిపోతున్నాయి.

దీన్ని పట్టుకోవడానికి నోట్‌బుక్‌లో ఇంకో గడి గీశాను. కుర్చీలో కూర్చున్న టైము ఒకటి, కాగితం మీద పనికొచ్చే మొదటి గీత పడిన టైము ఇంకొకటి. రెండింటి మధ్య తేడా ఎంతో చూడాలి.

రెండో నెల

ఈ నెలంతా ఆ ఒక్క గడి మీదే పెట్టాను. ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కూర్చున్నాక మొదటి గీత పడడానికి ఎనిమిది నిమిషాల నుంచి పద్నాలుగు దాకా పడుతోంది. ఇరవై ఐదు నిమిషాల ముక్కలో పన్నెండు ఇలా పోతే సగం గోవిందా. గంట ముక్కలో అదే పన్నెండు పోతే అయిదో వంతే. అంటే ఈ ఖర్చు పెద్ద ముక్కల్లో కనపడదు, గంటలోపు ముక్కల్ని మింగేస్తుంది. చేతిపంపు కొడితే మొదటి నాలుగైదు సార్లు గాలే వస్తుంది. నా చదువూ అంతే. పైగా నాకున్నవి ఎక్కువగా గంటలోపు ముక్కలే కాబట్టి రోజూ గాలి కొట్టడమే సరిపోతోంది.

ఆ పన్నెండు నిమిషాల్లో ఏం జరుగుతోందో ఒక సాయంత్రం వరసగా రాశాను. పుస్తకం వెతికాను, మంచం మీద ఉంది. ఏ పేజీలో ఆపానో వెతికాను. కాలిక్యులేటర్ వేరే గదిలో ఉంది. నిన్నటి లెక్క సగంలో ఉంది. సగం వరకూ చేసింది నేనే అయినా ఎందుకలా చేశానో అర్థం కాలేదు, మళ్ళీ ప్రశ్న మొదటి నుంచి చదివాను. మధ్యలో మధ్యాహ్నం మీటింగ్‌లో అన్న మాట ఒకటి గుర్తొచ్చి కాసేపు దాంతోనే గొడవపడ్డాను. అప్పుడు మొదటి గీత.

చివరిదానికి పరిశోధకులు పెట్టిన పేరు కూడా ఉంది: 'అటెన్షన్ రెసిడ్యూ', అంటే ధ్యాస మిగులు. సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని చూపించారు. పాత పని సగంలో ఆగి ఉంటే ఈ మిగులు మరీ ఎక్కువ. ఆఫీసు పని నుంచి నేరుగా లెక్కల్లోకి దూకే నాలాంటివాళ్ళకు ఇది రోజూ జరిగేదే.

మందు రెండు వైపుల నుంచీ వేశాను. ఆఫీసు వైపు, ల్యాప్‌టాప్ మూసే ముందు రేపు పొద్దున్న మొదట చేయాల్సింది ఒక వాక్యం రాసి మూస్తున్నాను. మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తికాని లక్ష్యం బుర్రలో తిరుగుతూ ఉన్నా దానికి కచ్చితమైన ప్లాన్ ఒకటి వేసుకోగానే ఆ గోల తగ్గిందని తేలింది. పని పూర్తవ్వక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేయాలో తేలితే చాలు. నా విషయంలో పూర్తిగా తగ్గలేదు గానీ, గొడవ తొందరగా సద్దుమణుగుతోంది.

చదువు వైపు మందు పేరు 'చీటీ'. కూర్చున్న ముక్కలో చివరి మూడు నిమిషాలు చదువుకు కాదు, రేపటి నాకు ఉత్తరం రాయడానికి. ఒక చీటీ ఇది:

"14వ లెక్క. (అ) అయింది, జవాబు 0.16. (ఆ) మొదలుపెట్టాలి. రెండు వైపులా అడుగుతున్నాడు, కాబట్టి 0.16ని రెట్టింపు చెయ్యి. టేబుల్ పేజీకి క్లిప్ పెట్టాను. (ఇ) ఎందుకు అడిగాడో నాకు ఇంకా తెలియలేదు, దాని దగ్గర ఆగకు, 15కి వెళ్ళు."

ఇందులో ఒక్కో మాటకీ పని ఉంది. ఎక్కడిదాకా వచ్చానో, జవాబుతో సహా. తర్వాత చేతితో చేయాల్సిన పని ఏంటో. "అధ్యాయం కొనసాగించాలి" అని రాస్తే అది పని కాదు, "రెట్టింపు చెయ్యి" అన్నది పని. వస్తువు ఎక్కడుందో. చివరిగా ఎక్కడ ఇరుక్కునే ప్రమాదం ఉందో. చీటీని నోట్సులో దాచకుండా మూసిన పుస్తకం పైన క్లిప్‌తో గుచ్చుతున్నాను. పుస్తకం, కాలిక్యులేటర్, పెన్సిల్ ఒక ట్రేలో. ట్రే రెండో బల్ల మీద నుంచి కదలకూడదు.

ఇంకో సంగతి అనుకోకుండా బయటపడింది. లెక్క పూర్తిచేసి లేచిన రోజుల కన్నా, (ఆ) మొదటి వరస రాసి సగంలో లేచిన రోజుల మర్నాడు తొందరగా మొదలవుతోంది. ఏం చేయాలో తెలిసినచోట ఆగాలన్నమాట, ఏం చేయాలో తోచనిచోట కాదు. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున అయిదున్నరకు రాతబల్ల దగ్గర కూర్చునేవారు. గడియారం ముందు పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవారని అందరూ చెప్పుకుంటారు. ఎవరూ పెద్దగా పట్టించుకోని వివరం ఇంకొకటి ఉంది: మొదటి అరగంట ఆయన కొత్తగా ఏమీ రాయరు, ముందురోజు రాసింది చదువుకుంటారు. ఆయనకు మూడు గంటల ముక్క ఉంది, అరగంట ఇవ్వగలరు. నాకు లేదు కాబట్టి ఆ అరగంటను మూడు నిమిషాల చీటీకి కుదించాను.

నెలాఖరుకు మొదటి గీత పడే తేడా మామూలుగా మూడు, నాలుగు నిమిషాలకు దిగింది. చదువుకు కేటాయించిన సమయం పెరగలేదు. లెక్కలు మాత్రం ముందుకన్నా బాగా ఎక్కువ అవుతున్నాయి.

మూడో నెల మొదట్లో

చిన్న ముక్కల కోసం కార్డులు. చెప్పుల డబ్బాలో అట్టముక్కలతో నాలుగు అరలు చేశాను. కార్డు ముందు ప్రశ్న, వెనక జవాబు. సరిగ్గా చెబితే కార్డు వెనక అరలోకి, తప్పితే మళ్ళీ మొదటి అరలోకి. మొదటి అర రోజూ చూడాలి, రెండోది రెండు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది పక్షానికి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. దీనికి మూలం ఇంకా పాతది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించారు: నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుంది, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. ఒకేరోజు కూర్చుని బట్టీ కొట్టడం కన్నా రోజుల మీద పరిస్తే తక్కువ సార్లతోనే నిలుస్తుంది.

మొదటి అరలోని పది కార్డులు జేబులో వేసుకుని బయల్దేరుతున్నాను. ఎదురుచూసే చోట ఏడు నిమిషాలు దొరికితే చాలు. దీని గురించి ఇంతకు మించి చెప్పేదేం లేదు, పనిచేస్తోంది.

మూడో నెల, అంచనాల గొడవ

"ఈ అధ్యాయం ఎప్పటికి అవుతుంది?" అన్న ప్రశ్నకు నా జవాబులు ఎప్పుడూ తక్కువే వస్తున్నాయి. ఇది నా ఒక్కడి జబ్బు కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీని గురించి రాశారు. రోజర్ బ్యూలర్, మరి ఇద్దరు పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనం ఇంకా నవ్వొచ్చేలా ఉంటుంది. థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటు జవాబు 33.9 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే 48.6. నిజంగా పట్టింది 55.5. అంటే అంతా బెడిసికొట్టినా ఇంతకు మించదనుకున్న గడువు కూడా చాల్లేదు.

అప్పటికి నా పుస్తకంలో అంకమధ్యమం (అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దాంతో భాగిస్తే వచ్చే సగటు), మధ్యగతం (చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది) అయిపోయాయి. నా సొంత డేటా మీద వేసి చూద్దామనుకున్నాను. ఒక అధ్యాయంలోని అయిదు అభ్యాసాలకు పట్టిన నిమిషాలు: 20, 25, 25, 30, 110. చివరిది ఒక నిరూపణ, అందులో చిక్కుకుపోయాను. మధ్యగతం 25. అంకమధ్యమం 42.

ఈ రెంటిలో ఏది నిజం అని మొదట తికమకపడ్డాను. రెండూ నిజమే, వాడే చోట్లు వేరు. ఈ సాయంత్రం అరగంట ఉంది, ఒక అభ్యాసం పడుతుందా అంటే మధ్యగతం చూడాలి. చాలావరకు పడుతుంది. అధ్యాయంలో ఇంకా పన్నెండు అభ్యాసాలున్నాయి, ఎప్పటికి అవుతాయి అంటే అంకమధ్యమమే చూడాలి. మధ్యగతంతో గుణిస్తే 300 నిమిషాలు వస్తుంది. అంకమధ్యమంతో అయితే 504. ఆ 110 లాంటివి ఏవి వస్తాయో తెలియదు గానీ రావడం మాత్రం ఖాయం, మొత్తంలో వాటి బరువు పడుతుంది. మనం గడువులు తప్పేది ఇక్కడేనని నాకు అనిపిస్తోంది. మామూలు రోజు ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకుని దాన్నే రోజులతో గుణిస్తాం. ఇరుక్కున్న రోజును "అదేదో ఆ ఒక్కసారికి" అని లెక్కలోంచి కొట్టేస్తాం.

ఈ లెక్కతో పుస్తకం ముగింపు తేదీ చాలా వెనక్కి జరిగింది. మొదట నీరసం వచ్చింది. కానీ ఆ తర్వాత రోజూ వెనకబడిపోతున్నానన్న టెన్షన్ పోయింది.

నిద్ర గురించి ఒక పేజీ

తెల్లవారుజామున నాలుగింటికి లేవమని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. త్వరగా పడుకునేవాళ్ళకు అది సుఖంగానే ఉంటుంది. పడుకునే టైము మార్చకుండా లేచే టైము మాత్రమే ముందుకు జరిపితే అది సమయం సంపాదించడం కాదు, అప్పు చేయడం. హాన్స్ వాన్ డాంగెన్, ఆయన సహ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వారాలపాటు రాత్రికి 6 గంటలే నిద్రపోయినవాళ్ళ ధ్యాస, జ్ఞాపకం దాదాపు రెండు రాత్రులు అసలు నిద్రపోనివాళ్ళ స్థాయికి పడిపోయాయి. భయపెట్టేది అది కాదు. వాళ్ళకు తమ పరిస్థితి అంత దిగజారిందని తెలియనే తెలియదు. నిద్రమత్తు కాస్త ఉందన్నారు, అంతే.

నా పద్దులో 56 గంటల 'ని' ని ముట్టుకోలేదు. ముట్టుకోను.

చదువు లేని వారాలు

ఆఫీసులో ఒక పెద్ద పని నెత్తిన పడింది. దాని వెనకే జ్వరం. ట్రే మీద దుమ్ము పట్టింది. ఇలాంటప్పుడు "గొలుసు తెగింది, ఇక మళ్ళీ మొదటి నుంచి" అనిపించడం మామూలే. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అలవాటు దానంతటది జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 దాకా ఉంది. మధ్యగతం 66. అందరూ చెప్పే 21 రోజుల మాట ఎక్కడా లేదు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడం పెద్దగా దెబ్బతినలేదని కూడా అందులోనే తేలింది. నాది ఒక రోజు కాదు, నిజమే. కానీ తిరిగి వచ్చిన రోజు పుస్తకం మీద చీటీ అలాగే ఉంది: "9వ లెక్క, రెండో వరస. భాగించేది మొత్తం సంఖ్యతో కాదు, అందులోంచి ఒకటి తీసేసి." అదే లేకపోతే ఆ సాయంత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పుస్తకం మూసేసేవాడినేమో.

అప్పటి నుంచి చెడ్డ వారాలకు వేరే కొలత పెట్టుకున్నాను. రోజుకు మూడు కార్డులు, అంతే. చదువు సాగదు, కానీ డబ్బా మూత తీసే అలవాటు పోదు.

నాలుగో నెల

బొమ్మలు గీయడం కూడా నేర్చుకోవాలని స్కెచ్ పుస్తకం ఒకటి కొన్నాను. అది బల్ల మీద ఉండి రోజూ నన్ను చూస్తోంది. పద్దు చూసుకుంటే నాకు వారానికి పెద్ద ముక్కలు మూడో నాలుగో. అవన్నీ కొత్త అధ్యాయాలకు పోతున్నాయి. బొమ్మలకు కూడా పెద్ద ముక్కే కావాలి. రెండూ చేస్తానంటే రెండూ ఈడుస్తాయి. స్కెచ్ పుస్తకాన్ని బీరువాలో పెట్టి, తలుపు లోపల కాగితం అంటించాను: "పన్నెండో అధ్యాయం తర్వాత." మానేశాను అనడానికీ, తర్వాతకు పెట్టాను అనడానికీ నాకు చాలా తేడా ఉంది. బల్ల మీద ఉన్నంతకాలం అది చేయని పని. బీరువాలో ఉన్నప్పుడు అది వంతు కోసం ఆగిన పని.

పెద్ద ముక్కల గురించే ఇంకోటి. సెలవు రోజు పొద్దున్నంతా ఖాళీగా ఉంచుకుంటే చదువు బాగా సాగుతుందనుకుంటాం. చేతిలో ఎంత సమయం ఉంటే పని అంతవరకూ సాగుతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లో రాసింది ఇక్కడ అక్షరాలా నిజమైంది. పొద్దున్నంతా ఇచ్చిన రోజు నికర చదువు గంటన్నర. తర్వాతి సెలవుకు తొమ్మిది నుంచి పదిన్నర వరకే చదువు, పదకొండింటికి స్నేహితుణ్ణి కలుస్తానని మాటిచ్చాను. ఆ రోజూ నికర చదువు గంటంపావు దాటింది, మిగతా రోజంతా నాదే. ఖాళీని కాపాడుకోవడం కన్నా దాని అవతలి గట్టున ఎవరికైనా మాటివ్వడం నాకు బాగా పనిచేస్తోంది.

ఇప్పుడు

పదో అధ్యాయంలో ఉన్నాను. చిన్న నమూనాల మీద నిర్ణయం ఎలా తీసుకోవాలన్నది విషయం. గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించిన పద్ధతి ఇందులో ఉంది. చివర్లో సొంతంగా ఒక డేటా తీసుకుని ప్రశ్న వేస్తానని అట్ట లోపల రాసుకున్నాను కదా, ఆ డేటా జేబులోనే ఉందని ఈ అధ్యాయం చదువుతుంటే తట్టింది. ప్రశ్న: చీటీ వల్ల నిజంగా మొదలుపెట్టే సమయం తగ్గిందా?

తగ్గిందని పైన రాసేశాను గానీ, ఇప్పుడు నేర్చుకున్న కళ్ళతో చూస్తే దానికి రుజువు లేదు. చీటీ రాయడం మొదలుపెట్టిన నెలలోనే ట్రే కూడా వచ్చింది. అధ్యాయాలు మారాయి. అప్పటికి కుర్చీ మార్చే అలవాటు కూడా పాతబడింది. వీటిలో దేనివల్ల తగ్గిందో నోట్‌బుక్ చెప్పలేదు. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920లలో గణాంక శాస్త్రవేత్త ఆర్. ఎ. ఫిషర్‌కు ఎదురైంది ఇదే చిక్కు. ఎరువు వేసిన మడిలో పంట బాగా పండితే, అది ఎరువు వల్లో, ఆ మడి మట్టి వల్లో ఎలా తెలుస్తుంది? ఏ మడికి ఎరువు వేయాలో మన ఇష్టానికి వదలకుండా లాటరీకి వదిలేయాలన్నారాయన.

నేను నాణెం వాడుతున్నాను. ముక్క అయిపోగానే ఎగరేయాలి. బొమ్మ పడితే చీటీ రాసి మూయాలి, బొరుసు పడితే రాయకుండా మూయాలి. ట్రే, కుర్చీ, టైమర్ రెండు రకాల రోజుల్లోనూ ఒకేలా ఉండాలి. మర్నాడు కొలిచేది ఒక్కటే: కూర్చున్నాక మొదటి గీత పడడానికి పట్టిన నిమిషాలు. బొరుసు రోజున కూడా మనసులో చీటీ రాసుకునే ప్రమాదం ఉంది, దాన్ని ఆపలేను. అలా జరిగితే తేడా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుందే తప్ప ఎక్కువగా కనిపించదు. కాబట్టి అయినా తేడా తేలితే నమ్మొచ్చు. మధ్యలో లెక్క కట్టి చూడకూడదని కూడా నియమం పెట్టుకున్నాను. బాగుందనిపించిన రోజున ఆపేస్తే ఫలితం మనకు కావలసినట్టే వస్తుంది.

ఒక్కో వైపు ఇరవై కొలతలు పోగయ్యాక గాసెట్ పద్ధతిలో లెక్క కట్టి ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా బొరుసు పడ్డ రోజుల్లో ఎక్కడ ఆపానో మర్నాడు వెతుక్కోక తప్పదు.